మామయ్య జీపుకి రాక్ స్లైడర్లు

ఇరవై మూడేళ్ళ వయసులో పడిన మాటలు గుర్తున్నంత తాజాగా మరేవీ గుర్తుండవు. ఆ తర్వాత పడినవి కూడా నేను మర్చిపోయానని కాదు (ఎవరు, ఎక్కడ, ఏ చీర కట్టుకుని అన్నారో కూడా చెప్పగలను, కానీ మావాళ్ళు ఇది చదువుతారు). అయినా ఆ వయసులో తగిలిన మాటకున్న పదును వేరు. అప్పుడే మైనింగ్ డిప్లొమా చేతపట్టుకుని, మాచర్ల దగ్గర మా మేనమామ నాపరాయి క్వారీలో పనికి చేరాను. క్వారీకి ఒక పాత జీపు ఉండేది. నాలుగు చక్రాలూ లాగే రకం, హారను తప్ప అన్నీ మోగే రకం. రోడ్డు మీద నుంచి క్వారీ పైమెట్టుకి వెళ్ళే దారిని మేము దారి అనేవాళ్ళం గానీ, నిజానికి అది పొరలు పొరలుగా లేచిన రాతిమెట్లు. ఏ పొర ఎక్కడ చీల్చాలో, ఏ రాయి పగలకుండా పలకగా వస్తుందో తేల్చేది ఆ పైమెట్టు మీదే. అక్కడికి చేరితేనే నేను ఇంజనీరుని. చేరాలంటే జీపు ఉండాలి, జీపు తాళం నా దగ్గర ఉండాలి. నా గొప్పంతా ఆ తాళంలోనే ఉండేది.

ఆ మెట్ల మీద చిక్కేమిటంటే, ముందు చక్రం రాయి ఎక్కి దిగగానే, వెనక చక్రం ఇంకా అందుకోకముందే, మధ్యలో బండి ఒళ్ళు ఆ రాయి అంచు మీద కూర్చుంటుంది. అలా కూర్చున్నప్పుడల్లా తలుపు కింద ఉన్న రేకు నొక్కుకుపోతుంది. మొదటి వారంలో ఒకసారి అయింది. నెల తిరక్కముందే రెండోసారి అయింది. ఈసారి రేకు పైకి లేచి తలుపుని పట్టేసింది. నేను గేరు రాడ్డు మీదుగా పాకుతూ అవతలి తలుపులోంచి దిగాల్సివచ్చింది, పనివాళ్ళందరూ టీ తాగుతూ చూస్తుండగా. మామయ్య గ్లాసు కింద పెట్టి, "ఏమే, బండి తోలుతున్నావా, రాళ్ళు పగలగొడుతున్నావా? రాళ్ళు పగలగొట్టటానికి మనకి మిషన్లున్నయ్యి గదా" అన్నాడు. అందరూ నవ్వారు. కాటా దగ్గర కూర్చునే ఆయన అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు (పేరు చెప్పను, మర్చిపోనూ లేదు). నవ్వులు తగ్గాక మామయ్య నెమ్మదిగా, "ఇంకొక్కసారి రేకు నొక్కుకుపోయిందంటే తాళం డ్రైవరుకి, నువ్వు పాలిష్ షెడ్డుకి" అన్నాడు. పాలిష్ షెడ్డంటే చీలమండల దాకా తెల్లటి బురద, రోజంతా చెవులు చిల్లులు పడే మోత. అక్కడ నిలబడి పలకల అంచులు తడిమి చూడటానికి డిప్లొమా అక్కర్లేదు.

ఆ వారమే ఫోనులో ఒక వీడియో చూశాను. ఎక్కడో కొండల్లో ఎవరో జీపు తోలుతున్నాడు. దాని తలుపుల కింద, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, పక్కకొకటి చొప్పున బలమైన ఇనప పైపులున్నాయి. రాయి తగిలితే రేకుకి బదులు పైపుకి తగులుతోంది, బండి దాని మీద జారి దిగిపోతోంది. వాటి పేరు రాక్ స్లైడర్లట. నాకు ప్రాణం లేచివచ్చింది. మామయ్య ఏదో పెళ్ళికని హైదరాబాదు వెళ్ళి ఐదు రోజులదాకా రానన్నాడు. ఈలోగా వేయించేయాలనుకుని, మా దగ్గర కొత్తగా కట్టిన ప్రతి మేడ మీదా మెరిసే స్టీలు రెయిలింగ్ బిగించే అతని దగ్గరికి వెళ్ళాను. మెరిసేదంతా గట్టిదేనని నా నమ్మకం. అతను చాలా మర్యాదస్తుడు. కొలతలు తీసుకుని, "చివర్లకి గుండ్లు పెట్టమంటారా అక్కా? అందం వస్తది" అన్నాడు. నేను పెట్టమన్నాను. (ఇది రాయకుండా ఉండొచ్చు, కానీ నా తప్పు దాచి ఎదుటివాళ్ళ తప్పులే రాస్తుందని నా మీద ఇప్పటికే ఒక నింద ఉంది.) నాలుగు చివర్లకి నాలుగు స్టీలు గుండ్లతో జీపు డాబా ఇంటిలా తయారైంది.

ఒక్కరోజు బాగానే నడిచింది. మన వైపు బండి పక్కన పైపు కనిపిస్తే అది నిలబడటానికేనని అందరికీ పుట్టుకతోనే తెలుసు. ఆ సాయంత్రం పని దిగాక, పనివాళ్ళు అడక్కుండానే పక్కకి ముగ్గురు చొప్పున ఎక్కి నిలబడ్డారు. "ఇన్నాళ్ళకి మంచి పని చేపిచ్చావు అమ్మాయ్" అని మెచ్చుకున్నారు కూడా. మొదటి రాతిమెట్టు దగ్గరే ఎడమపక్క పైపు వంకాయ కాడలా వంగింది. వంగినది ఊరికే ఉండక, తనను అతికించిన రేకుని కూడా పట్టుకుని పైకి లాగింది. తలుపు మళ్ళీ బిగుసుకుపోయింది. ఎక్కినవాళ్ళు దిగి, "ఇది నిలబడేదానికి కాదేమోలే" అనుకుంటూ నడిచి వెళ్ళిపోయారు. మామయ్య రావడానికి ఇంకా మూడు రోజులుంది. వస్తే ఇదే ఆ మూడోసారి.

నరసరావుపేటలో ఒక మేస్త్రి ఉన్నాడని, శివరాత్రి తిరనాళ్ళకి ఊళ్ళవాళ్ళు కోటప్పకొండకి ఊరేగించుకెళ్ళే ప్రభలకి కింద ఇనప కట్టు కడతాడని, అంత ఎత్తు ప్రభ ఆయన కట్టు మీద పొలాల గట్లు దాటినా ఒరగదని ఎవరో చెప్పారు. మర్నాడు పొద్దున్నే కారంపూడి మీదుగా బయల్దేరాను. దారి పొడుగునా వంగిన పైపు గంటలా మోగుతూనే ఉంది. ప్రభల మేస్త్రి పొట్టిగా, కళ్ళజోడు కాడలకి పురికొస కట్టుకుని ఉన్నాడు. వాకిలంతా ఒక ఊరి ప్రభ తాలూకు ఇనుము. చుట్టూ ఆ ఊరివాళ్ళు ఎనిమిదిమంది, శివరాత్రి దగ్గరపడిందన్న కంగారుతో. ఆయన జీపు వైపు చూసి, "డ్రైవరేడమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. "ఓహో" అన్నాడు. ఆ ఓహో ఎంత పొడుగుందో నాకిప్పటికీ గుర్తు. తర్వాత పైపు వైపు తిరిగి, "ఇదేంది తల్లీ, జీపుకి వరండా కట్టిచ్చావా?" అన్నాడు. ఎనిమిదిమందీ నవ్వారు. (తొమ్మిది, మేస్త్రితో కలిపి.)

తర్వాత ఆయన కింద గొంతుక్కూర్చుని, నొక్కుల మీద బొటనవేలు పెట్టి మెల్లగా తడిమాడు. "ఇది ఎక్కేటప్పుడు తగిలింది. ఇది దిగేటప్పుడు. బ్రేకు తొక్కకూడని చోట తొక్కావు." తర్వాత వెనకవైపున్న ఒక చిన్న నొక్కు మీద వేలు నిలిపాడు. "ఇది మటుకు ఫోను మాట్లాడుకుంటా తోలినప్పుడు." ఆ చిన్న నొక్కు సంగతి మామయ్యకే కాదు, ఎవరికీ తెలియదు. అప్పుడు మా అమ్మతో మాట్లాడుతున్నాను. నాకు ఎంత ఒళ్ళు మండిందో, అంత ఒళ్ళు గగుర్పొడిచింది. మనిషి చేతిరేఖలు చూసి చెప్పేవాళ్ళని చూశాను గానీ, రేకు చూసి చెప్పే మనిషిని అంతకుముందు చూడలేదు. ఆయన లేచి చేతులు దులుపుకుని, "శివరాత్రి అయినాక రా" అన్నాడు.

"శివరాత్రి లోపలే మా మామయ్య వస్తాడు."

"రానియ్యి. నేనేమన్నా వద్దన్నానా?"

"వస్తే నా తాళం పోద్ది."

"పోతే పోనియ్యి, రేకన్నా బతికిద్ది."

నేను అక్కడే ఒక బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాను. పని చేసేదాకా లేవనన్నాను. "కూర్చో, ఎండ ఇటు తిరిగితే అటు జరుపుకో" అని ఆయన తన పనిలో పడ్డాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ నన్ను పట్టించుకోలేదు. చేసే పని ఏమీ లేక, నాకు బాగా వచ్చిన పని మొదలుపెట్టాను. ఆ వాకిట్లో ఏమేం బాగాలేవో ఒక్కొక్కటే పైకి చెప్పాను. వైరు తొక్కేచోట పడి ఉందన్నాను. మంచినీళ్ళ కుండకి మూత లేదన్నాను. ప్రభ అడుగుకి ఎడమపక్క వెనక బోల్టు వదులుగా ఉందన్నాను. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన, "ఒరేయ్, ఈ అమ్మాయికి ఎవరన్నా జీపు చేసి పంపియ్యండిరా, శివయ్య కన్నా ముందు ఈమె మూడోకన్ను తెరిచేట్టుంది" అన్నాడు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. వెళ్ళి ఆ బోల్టుకి పానా పెట్టి చూశాడు. పానా చుట్టున్నర తిరిగింది. ఎవరో బిగించడం మర్చిపోయారు. నా వంక చూడకుండానే, "జీపు లోపలికి తీసుకరా" అన్నాడు. నా జీవితంలో నేను చేసిన ఫిర్యాదుల్లో ఫలితం దక్కింది అదొక్కటే.

ఆ తర్వాత ఒకటిన్నర రోజు నేను చూసిన పని గురించి చెప్పాలంటే, నాలాంటిదానికి కష్టం. మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు. ముందు స్టీలు పైపు కోసి తీసేసి, నొక్కుకుపోయిన రేకుని చెక్క సుత్తితో మెల్లగా దిద్ది, తలుపు తెరిచాడు. "నువ్వు పైపుని రేకుకి అతికిచ్చావు. రేకు బండికి చొక్కా లాంటిది. చొక్కాకి మూట కడితే చొక్కానే గదా చిరిగేది?" అని నన్ను జీపు కిందికి దూరమన్నాడు. నేను వెల్లకిలా పడుకుని చూస్తే, బండి పొడుగునా రెండు బలమైన ఇనప దూలాలు. అదీ ఛాసిస్. బరువంతా మోసేది అదే, పైపు పట్టుకోవాల్సిందీ దాన్నే. అయితే దానికి వెల్డింగ్ చెయ్యనన్నాడు. "ఎన్నెముకకి నిప్పు పెట్టకూడదు, పెళుసెక్కిద్ది" అని మందపాటి ఇనప పలకలు ఛాసిస్‌కి అటూ ఇటూ పెట్టి బోల్టులతో బిగించాడు. ఆ పలకల నుంచి బయటికి మూడేసి చేతులు, ఆ చేతుల చివర నల్లటి దళసరి పైపు. బ్రేకు పైపు వెళ్ళేచోట వేలు దూరేంత ఖాళీ వదిలాడు. బయటి అంచు రవ్వంత పైకి ఉండాలని ఒక దారానికి నట్టు కట్టి వేలాడదీసి చూసుకున్నాడు. ఒక చెయ్యి కాస్త వంకరొస్తే, నాకు కంటికి కనిపించనంత వంకరకి, కోసి మళ్ళీ మొదటి నుంచీ చేశాడు. నేను వంక పెట్టడానికి చాలా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అది నాకు ఇప్పటికీ కొంచెం బాధే.

ప్రభ అడుగు కట్టాక ఊరివాళ్ళు దాని మీదెక్కి తొక్కి చూడటం అక్కడి పద్ధతి. మేస్త్రి నా జీపుకీ అదే పద్ధతన్నాడు. "ఎక్కండిరా" అనగానే ఎనిమిదిమందీ ఒకే పక్క పైపు మీదెక్కి, ఒకరి భుజాలొకరు పట్టుకుని గట్టిగా ఎగిరారు. జీపు పడవలా ఒరిగి, మళ్ళీ లేచింది. అందరూ దిగాక తలుపు లాగి చూశాను. వెన్నలో చాకు దిగినట్టు తెరుచుకుంది. మేస్త్రి పైపుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, తాళం నా చేతిలో పెడుతూ, "పైపు చేశాను గానీ తల్లీ, తోలకాన్ని బాగుచేసే పైపు నా కాడ లేదు. చూసి తోలు" అన్నాడు. అంత పని చేసిన మనిషిని క్షమించకపోవడం కష్టం. అయినా నేను ప్రయత్నిస్తూనే ఉన్నాను.

మామయ్య వచ్చాడు. నల్లటి పైపులు చూసి, ఎక్కి పక్క సీట్లో కూర్చుని, "పైకి పద" అన్నాడు. నేను బ్రేకు తొక్కకూడని చోట తొక్కకుండా, ఊపిరి కూడా అవసరమైనంతే తీసుకుంటూ తోలాను. అయినా చివరి మెట్టు దగ్గర ముందు చక్రం దిగింది, బండి ఒళ్ళు రాయి మీద పడింది. అటూ ఇటూ ఉన్న పనివాళ్ళు కూడా తలెత్తి చూసేంత చప్పుడైంది. "అయిపోయింది. తాళం ఇటియ్యి" అన్నాడు మామయ్య. అప్పటికే బండి ఆ పైపు మీద కర్రుమంటూ జారి అవతల దిగి నిలబడింది. ఆయన తలుపు నెట్టాడు, తెరుచుకుంది. మూశాడు, మళ్ళీ తెరిచాడు. దిగి వంగి చూశాడు. రేకు రేకులాగే ఉంది, పైపు మీద వేలెడు పొడుగున రంగు గీసుకుపోయింది, అంతే. ఆయన ఆ గీతని అరచేత్తో తుడిచి, "ఎవరే చేసింది?" అన్నాడు. చెప్పాను. "మనిషంటే వాడే" అన్నాడు. (వేయించింది ఎవరని అడగలేదు.) తర్వాత నా తలుపు దగ్గరికి వచ్చి, "జరుగు" అన్నాడు.

"ఎందుకు మామయ్యా? రేకు నొక్కుకుపోలేదుగా?"

"అందుకేనే జరగమనేది."

ఆ రోజు మామయ్య ఆ మెట్టు ఆరుసార్లు ఎక్కి దిగాడు. ఎక్కడానికి పనేమీ లేని మెట్లు కూడా ఎక్కాడు. రాయి కనిపిస్తే తప్పించుకునే మనిషి, వెతుక్కుంటూ వెళ్ళి దాని మీద బండిని కూర్చోబెట్టి జార్చాడు. మర్నాటి నుంచి తాళం ఆయన జేబులోకి వెళ్ళింది. నన్ను షెడ్డుకి పంపలేదు, రోజూ పైమెట్టుకి తీసుకెళ్ళాడు, కానీ పక్క సీట్లో. రేకు నొక్కుకుపోతే తాళం పోతుందన్నారు, నొక్కుకుపోనందుకు పోయింది. ఇంతకన్నా అన్యాయం ఉందేమో చెప్పండి. నరసరావుపేట వెళ్ళినప్పుడు మేస్త్రితో, మీవల్లే నా తాళం పోయిందన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అయితే పాడుగా చెయ్యాల్సిందంటావా?" అన్నాడు.

ఇప్పుడు క్వారీ నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడున్న బండికి తాళంచెవి లేదు, మీట నొక్కితే స్టార్టవుతుంది, ఎవరూ లాక్కునే వీలులేదు. మోకాళ్ళు పట్టేశాక మామయ్య తోలడం మానేశాడు, పైమెట్టుకి రావడమూ మానేశాడు. ఒక్కదాన్నే ఆ రాళ్ళ మీదుగా వెళ్తున్నప్పుడు అప్పటి రోజులు గుర్తొస్తాయి. పైపు రాయి మీద కర్రుమన్నప్పుడల్లా ఆ యాభై దాటిన మనిషి స్టీరింగు మీద అరచేత్తో కొట్టి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వేవాడు. పనివాళ్ళ ముందు గాని, ఇంట్లో గాని ఆయన అలా నవ్వగా ఎవరూ చూడలేదు. చూడగలిగినంత దగ్గరగా కూర్చున్నది నేనొక్కదాన్నే. కానీ పక్క సీట్లో ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల మూతి ముడుచుకుని, ఓరకంట ఒక్కసారి చూసి, పంతం కొద్దీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. దాని మీదా నాకు కాస్త కోపం ఉంది గానీ, దాన్ని తిట్టాలనిపించదు. భుజం తట్టి, "అటు కాదే, ఇటు చూడు" అని చెప్పాలనిపిస్తుంది.