ఐదొందలమంది తెలిసిన మేనల్లుడు

మా మేనల్లుడి ముఖం కంటే నడినెత్తే నాకు బాగా గుర్తు. ఉద్యోగం వెతికిన రెండేళ్లూ, ఉద్యోగస్తులు కలుసుకునే సైటు ఫోన్లో తెరిచి, ఎవరికి కొలువు దొరికినా అభినందనలు పంపేవాడు. "ఐదొందలమంది పెద్దోళ్లు తెలుసు మావా" అనేవాడు.

ఒకరోజు సాలూరు టీకొట్లో మా పక్కనే కూర్చున్న లారీ యజమాని, "ఆఫీసుకి కంప్యూటర్ తెలిసినోళ్లు కావాల, ఎవులైనా ఉన్నారేటి?" అని అడిగాడు. నేను వీణ్ణి మోచేత్తో పొడిచాను.

"ఉండు మావా, బెంగళూరు మేనేజరుకి రాస్తన్నాను" అన్నాడు, తలెత్తకుండా.

టీ పోస్తున్నావిడ, "మా కోడలికి వచ్చు బాబూ" అంది. ఉద్యోగం ఆ పిల్లకే ఇచ్చారు.

వారం తర్వాత వీడు ఫోన్ చూపిస్తే కూడబలుక్కుని చదివాను. ఆ కోడలికి వీడు పంపిన అభినందనలు.

"మన సాలూర్లో కూడా ఒకరు తెలిసారు మావా" అన్నాడు.