తలుపు తీసి తూచిన విమానం

విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో ఆయన్ని అందరూ తూకం మాస్టారనేవారు. రిపేరు ముగిసిన చిన్న విమానాల మూడు చక్రాల కిందా మూడు కాటాలు పెట్టి తూచి, కాగితం మీద సంతకం పెట్టడమే ముప్పై ఏళ్లుగా ఆయన పని. ఎంతమందిని ఎక్కించవచ్చన్నది ఆ అంకెను బట్టే తేలుస్తారు. ఆయన తూచేటప్పుడు తలుపులు మూసెయ్యాలి, ఫ్యాన్లు కట్టెయ్యాలి. రెక్కల మీదుగా గాలి పారితే విమానం నిలబడ్డచోటే కాస్త తేలికపడుతుంది, కాటా అబద్ధమాడుతుంది. చెమటలు కారుతున్నాయని ఎవరైనా తలుపు సందు చేస్తే మాస్టారు దుమ్ము దులిపేసేవారు. రెక్క మీద ఈగ వాలినా ఎగిరిపోయేదాకా ఆగే మనిషని మెకానిక్కుల వేళాకోళం.

అంతటి మనిషీ నిన్న కొత్త రంగు వాసనకు తల తిరిగి, తానే లేచి తలుపు బార్లా తీశారు. మళ్లీ మూయడం మరిచి తూచారు. బరువు తక్కువే వచ్చింది. పాత రంగు గీకేశారు కదా అని సరిపెట్టుకుని సంతకం పెట్టేశారు.

ఇవాళ పొద్దున గడ్డం గీసుకుంటుండగా ఆయనకు తలుపు సంగతి గుర్తొచ్చింది. పది గంటలకు ఆ విమానాన్ని నిండా జనంతో నడపబోయేది ఆయన కూతురే.

సగం గడ్డంతోనే షెడ్డుకు పరుగెత్తారు.

"ఆ విమానం ఆపండి. నా తూకం తప్పు."

"మీ తూకమా? పొద్దున్నే పరాచికాలా మాస్టారూ!" అని మేనేజరు నవ్వాడు.

"తలుపు తీసి తూచానయ్యా."

ఆ మాట అంటుంటే ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. ఉన్న ఒక్క పేరూ మంటగలిసింది.

ఎక్కబోతున్న ప్రయాణికుల్ని బయటే కూర్చోబెట్టి, సామాను దించి, ఇంధనం తోడి, తలుపులు మూసి మళ్లీ తూచేసరికి మధ్యాహ్నమైంది. నిన్నటికన్నా ముప్పై ఒక్క కిలోలు ఎక్కువ వచ్చింది. ఇంతోటిదానికా ఈ హడావిడి అని మేనేజరు గొణిగాడు. అయినా ఒక ప్రయాణికుణ్ణి ఆపేశాడు.

కొత్త కాగితం తీసుకోవడానికి కూతురు వచ్చింది.

"నాన్నా, ఇవాళ నడిపేది నేను కాకపోయినా వచ్చి చెప్పేవాడివేనా?"

ఎందుకు చెప్పనని అనబోయారు మాస్టారు.

"తెలీదమ్మా," అన్నారు చివరికి.

ఆమె కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది. విమానం లేచాక మాస్టారు మేనేజరుకు అర్జీ రాశారు. ఇకమీదట తన సంతకం పక్కన ఇంకొకరి సంతకం లేనిదే ఏ విమానాన్నీ ఎగరనివ్వొద్దని అందులో కోరారు.