నాయనమ్మ రక్షణ తేదీ

ఆ రోజుల్లో నా రక్షణకి గ్యారంటీ వారం రోజులే ఉండేది. ఆదివారం ఆరాధన ముగిసేసరికి పరలోకం ఖాయమైపోయినట్టు ఉండేది. బుధవారం నాటికి ఫోన్లో అమ్మకి ఎదురు చెప్పడం, పక్కమ్మాయి రికార్డు చూసి దించుకోవడం లాంటివి రెండు మూడు జరిగి అనుమానం మొదలయ్యేది. శనివారం వచ్చేసరికి నరకం అంచున కూర్చుని ఉండేదాన్ని. నా ఈడు పిల్లలు పరీక్షలకీ పెళ్ళిచూపులకీ భయపడుతుంటే నేను ప్రభువు రెండో రాకడకి భయపడేదాన్ని. (పరీక్షలకీ భయపడ్డాననుకోండి, కానీ వాటికి ముందే టైంటేబుల్ ఇస్తారు.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ భయం ఉత్తుత్తి భయం కాదు. అన్నం తింటుంటే మధ్యలో వచ్చి కూర్చునేది. ఇరవై రెండేళ్ళ పిల్ల అన్నం ముద్ద చేత్తో పట్టుకుని అలా ఎందుకు చూస్తూ ఉండిపోతోందో మా అమ్మకి అర్థమయ్యేది కాదు. రక్తం తక్కువైందని బీట్‌రూట్ వండిపెట్టేది.

మాది తెనాలిలో లూథరన్ ఇల్లు. పుట్టిన మూడో నెలలోనే బాప్తిస్మం, పదిహేనేళ్ళకి కన్ఫర్మేషన్, అన్నీ పద్ధతి ప్రకారం జరిగినవే. అయినా ప్రభువు ఒకనాడు చెప్పాపెట్టకుండా వచ్చి తనవాళ్ళని ఎత్తుకుపోతాడని, మిగిలినవాళ్ళు ఇక్కడే ఉండిపోతారని చిన్నప్పుడు సండేస్కూల్లో విన్న మాట నన్ను వదల్లేదు. బాపట్లలో హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతున్నప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. వీధి తలుపు తీసే ఉంది. అమ్మ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. స్టవ్ మీద పాలు పొంగి కారిపోతున్నాయి. ఇంట్లో మనిషి జాడ లేదు. నాన్నకి ఫోన్ చేస్తే, ఆయన కవరేజ్ ప్రాంతంలో లేరని ఒకావిడ మర్యాదగా చెప్పింది. నాన్న ఏ ప్రాంతంలో ఉన్నారో నాకు తెలిసిపోయింది. వెంటనే నాయనమ్మ గుర్తొచ్చి దొడ్లోకి పరిగెత్తాను. ఆవిడ గూటి ముందు వంగి కోళ్ళకి చిట్టు చల్లుతోంది. వెళ్ళి వాటేసుకుని ఏడ్చేశాను. అమ్మ పక్కింట్లో వాయిదాల చీరలు చూస్తోందట.

అప్పటినుంచీ నా లెక్క ఒకటే. ఎత్తబడేవాళ్ళంటూ ఉంటే వాళ్ళలో మొదటి మనిషి నాయనమ్మ. ఆవిడ ఇంట్లో ఉందంటే రాకడ ఇంకా జరగనట్టే, నాకు ఇంకా టైముంది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ రేపల్లె దగ్గర పొలాల్లో ఊడ్పులకీ కలుపులకీ వెళ్ళిన మనిషి. చదువు రాదు, కానీ పాటల పుస్తకం మొత్తం నోటికి వచ్చు. వంటకి బియ్యం తీసినప్పుడల్లా ముందు ఒక పిడికెడు దేవుడి కుండలో పోసి, నెలాఖరుకి ఆ కుండ గుడికి మోసుకెళ్ళేది. నాకు కావలసిన నిశ్చయత అంతా ఆవిడ నడుంకి ఉన్న తాళాల గుత్తిలాగా ఆవిడ దగ్గర ఉందనుకునేదాన్ని.

ఆ ఏడాది ఒకే సువార్త బృందంవాళ్ళు వరసగా మూడు ఊళ్ళలో సభలు పెట్టారు. మొదట తెనాలిలో. ప్రసంగం అయ్యాక అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. రక్షణ నిశ్చయత లేనివాళ్ళు, ఈ రోజే ప్రభువుని అంగీకరించాలనుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. ఎవరో వచ్చి కార్డు, పెన్ను ఇచ్చారు. పేరు, చిరునామా, రక్షణ పొందిన తేదీ. నింపి ఇచ్చి తేలిగ్గా ఇంటికొచ్చాను. రెండు వారాలకి అవే సభలు బాపట్లకి వచ్చాయి. అప్పటికి తేలిక తగ్గిపోయింది, మళ్ళీ ఎత్తాను, మళ్ళీ కార్డు. ఆ తర్వాత రేపల్లెలో మా అత్త ఇంటికి వెళ్తే అక్కడా సభలే. కుక్క కరిస్తే ఒక్క ఇంజెక్షన్‌తో ఆగుతామా అని నాకు నేనే సర్దిచెప్పుకుని మూడోసారీ ఎత్తాను. మూడు కార్డులూ ఒకే మనిషి చేతికి చేరతాయని నాకేం తెలుసు.

ఆ మనిషికి మా ఇంట్లో తర్వాత పడ్డ పేరు తేదీ బ్రదర్. కార్డులు నింపినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ప్రార్థన చేసిరావడం ఆయన సేవ. తాను ఏ తేదీన, సాయంత్రం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి రక్షింపబడ్డాడో చెప్పగలడు, భార్యదీ చెప్పగలడు. ఒట్టి మంచివాడు, కల్మషం లేదు. నా భయానికి ఆయన్ని తప్పు పట్టడం ఎంత సుఖంగా ఉండేదో గానీ, ఆయన్ని ఇంటికి రప్పించింది నా కార్డులే. ఒక శనివారం వచ్చి కుర్చీలో కూర్చుని, సంచిలోంచి మూడు కార్డులు తీసి టీపాయ్ మీద పేకముక్కల్లా పరిచాడు. (పేకముక్కల్లా అన్నానని తెలిస్తే నొచ్చుకుంటాడు.)

"మూడూ మీవేనా అమ్మా?" అన్నాడు.

"అవునండి."

"మూడిట్లో ఏది ఖాయం చేసుకోమంటారు?"

చివరిదేనండి అన్నాను నేల చూస్తూ. ఆయన కోప్పడలేదు, ఆ చివరి కార్డు విడిగా తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఈలోగా అమ్మ టీ తెచ్చింది. ఆయన గుమ్మం పక్కన కూర్చున్న నాయనమ్మ వైపు తిరిగి, మామ్మగారూ, మరి మీ రక్షణ తేదీ ఏంటండి అని అడిగాడు.

నాయనమ్మ నవ్వింది. "తేదీయా బాబూ? మా అమ్మ నన్ను చంకనేసుకుని తీసికెళ్తే అయ్యగారు నీళ్ళు పోశారంట."

అది మీకు తెలియకుండా జరిగింది కదండి, అని ఆయన చాలా మెల్లగా వివరించాడు. పుట్టినరోజు లేని మనిషి ఉండడు కదా, అలాగే తిరిగి పుట్టిన రోజు లేని విశ్వాసీ ఉండకూడదన్నాడు. నాయనమ్మకి పుట్టినరోజు కూడా తెలియదన్న సంగతి ఆయనకి తెలియదు. ఆవిడ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కాసేపటికి తీసేయడం గుర్తొచ్చినట్టు తీసేసింది. ప్రార్థన చేసి ఆయన వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కోళ్ళని గూట్లో పెట్టింది నేను.

నెల మొదటి ఆదివారం గుడిలో ప్రభు సంస్కారానికి అందరూ లేచి ముందుకి వెళ్తుంటే నాయనమ్మ లేవలేదు. చాప మీద అలాగే తల వంచుకుని కూర్చుంది. అరవై ఏళ్ళలో ఆవిడ రొట్టె, రసం తీసుకోని మొదటి ఆదివారం అదే. అప్పటికే డాక్టరు ఆవిడ గుండె అలిసిపోయిందని, మందులతో ఎన్నాళ్ళు లాగితే అన్నాళ్ళని చెప్పి ఉన్నాడు. అందువల్ల నాన్న కంగారుపడి మా గుడి అయ్యగారిని ఇంటికి పిలుచుకొచ్చారు. బాప్తిస్మంలో పట్టుకున్నది దేవుడి చెయ్యి, మన చెయ్యి కాదు, మనకి గుర్తుందా లేదా అన్నది లెక్కలోకి రాదని అయ్యగారు గంటసేపు చక్కగా చెప్పారు. నాయనమ్మ అన్నిటికీ అవునండి, అవునండి అంది. ఆయన గేటు దాటాక, ఆయనకి తేదీ ఉందిలే, ఎన్నైనా చెప్తారు అంది. తిండి సగానికి సగం తగ్గింది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, నేను పోతే ఎక్కడికి పోతానంటావే అని అడిగింది. ఆ ప్రశ్న నేను ఆవిడని అడగాలని ఏళ్ళుగా దాచుకున్నది.

నాయనమ్మ పుట్టిన ఊళ్ళో గుడి రిజిస్టరులో బాప్తిస్మం తేదీ రాసి ఉంటుంది కదా అని నాన్న అన్నారు. నేను వెళ్తానన్నాను. నాయనమ్మ నా వైపు చాలాసేపు చూసి, పోతే పో, ఎండన పడకు అంది. కాలేజీ ఎగ్గొట్టి రేపల్లె పాసింజరెక్కాను. అక్కడినుంచి ఆటోలో ఆ ఊరు. గుడి తాళాలుండే పెద్దాయన బీరువా తీసి, రిజిస్టరు రెండు చేతులతో, పసిబిడ్డని అందించినట్టు అందించాడు. అట్ట గట్టిగానే ఉంది. తెరిస్తే లోపల మట్టి. నాలుగు తరాల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ చెదలు తినేసి ఆ అట్టల మధ్య మెత్తగా పొడి అయిపోయాయి. మా నాన్న కాలం నాటికే ఇంతేనమ్మా, పారేయడానికి మనసొప్పక ఉంచాం అన్నాడాయన. నా మొహం చూసి జాలిపడి కొబ్బరి బోండాం కొట్టించాడు. అది తాగుతూ ఏడ్చాను.

తిరుగు పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని టికెట్టు చేతిలో నలుపుతూ ఉన్నాను. భట్టిప్రోలు దాటాక కాబోలు, టికెట్టు మీది తేదీ కనిపించింది. ఆ తేదీ, ఆ నెల, దానికి నాయనమ్మ పుట్టిందని అందరూ అనుకునే సంవత్సరం తగిలిస్తే చాలు. అబద్ధం అంత తేలిగ్గా దొరికింది. కానీ అబద్ధికులందరికీ అగ్నిగుండంలో చోటు ఉందని నాకు కంఠతా వచ్చు, అదీ రక్షణ గురించి ఆడే అబద్ధమైతే చోటు ఏ వరసలోనో ఊహించుకోగలను. మూడు ఊళ్ళలో మూడు కార్డులు నింపి సంపాదించుకున్నదంతా ఈ ఒక్క మాటతో పోతుంది. వేమూరు దాకా ఆవిడ వైపు, జంపని దాకా నా వైపు ఆలోచించాను. తెనాలిలో దిగేసరికి సరే, నేనే పోతాను అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క పెద్ద త్యాగం అది, దాని గురించి ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయింది.

ఇంటికెళ్ళి తేదీ చెప్పాను. నమ్మకం కుదరడానికి, ఆదివారం నాయనమ్మా, ఉదయం ఆరాధనలో అని కూడా చేర్చాను. ఆవిడ నన్ను చూసి, సరేనే, కాసిని టీ పెట్టు అంది. ఆ పూట పప్పన్నం రెండుసార్లు పెట్టించుకుంది. మరుసటి నెల మొదటి ఆదివారం నాన్న చెయ్యి పట్టుకుని ముందుకి నడిచి సంస్కారం తీసుకుంది. నేను మాత్రం లేవలేదు. నా స్థలం నాకు తెలుసు మరి.

ఆ తర్వాత మూడు వారాలకి, ఒక మధ్యాహ్నం దొడ్లో ఆవిడకి తల దువ్వుతున్నాను. ఉన్నట్టుండి ఇలా అంది: "నా పెళ్ళప్పుడే బాప్తిస్మం చీటీ కావాలన్నారే. అప్పుడే చూశారు ఆ పుస్తకం. అప్పటికే మట్టి. మట్టిలోంచి నువ్వు వారంతో సహా పట్టుకొచ్చావు."

దువ్వెన నా చేతిలో ఆగిపోయింది. మరి తెలిసి నన్నెందుకు వెళ్ళనిచ్చావన్నాను. ఏమో, భయమేసినప్పుడు మట్టైనా మళ్ళీ పుస్తకం అవుతుందేమోననిపిస్తుంది అంది. అబద్ధమాడినవాళ్ళు ఎక్కడికి పోతారో నీకు తెలుసుగా నాయనమ్మా అన్నాను.

"నీకూ తెలుసుగా. తెలిసే ఆడావు. పిల్లి అరిచినా ఉలిక్కిపడే పిరికిదానివి, నేను పోతే పోతాను, మా నాయనమ్మ ఉండాలనుకున్నావు. నువ్వే అంత అనుకుంటే, ఆ పైనున్నాయన నీకంటే తక్కువవాడా ఏంటే?" అంది. తర్వాత, ఆపావేం, దువ్వు అంది.

ఆవిడ పోయిన రోజు నేను బాపట్లలో ఉన్నాను. కబురందుకుని వచ్చేసరికి ఇల్లంతా జనం, వీధి నిండా కుర్చీలు. అంత జనాన్నీ దాటుకుని నేను దొడ్లోకే పరిగెత్తాను. కోళ్ళకి ఎవరూ చిట్టు వేయలేదు, అవి గూట్లో అరుస్తున్నాయి. ఇంతమంది ఉన్న ఇల్లు నాకు ఖాళీగా కనిపించడం అదే మొదటిసారి. భూస్థాపనకి తేదీ బ్రదర్ కూడా వచ్చాడు. నాన్న తేదీ చెప్తే కళ్ళు తుడుచుకుంటూ డైరీలో రాసుకున్నాడు. నాన్న దాన్ని సమాధి రాతి మీద, వారంతో సహా, చెక్కించారు. ఏటా సమాధుల పండక్కి నేనే సున్నం వేసి, ఆ అక్షరాల్లో నల్లరంగు దిద్దుతాను. ఈమధ్య మా అమ్మాయి సెల్‌ఫోన్లో ఆ సంవత్సరం వెతికి, అమ్మా, ఆ రోజు బుధవారం, రాయి తప్పు అంది. రాయి కాదమ్మా, నేనే అన్నాను. తనకి అర్థం కాలేదు, నేనూ ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు నేను బళ్ళో పంతులమ్మని. సభల్లో చెయ్యెత్తడం ఎప్పుడో మానేశాను. రక్షణ తేదీ ఏంటని ఎవరైనా అడిగితే ఆ రేపల్లె టికెట్టు తేదీ చెప్పేస్తాను, అది ఇప్పటికీ నా బైబిల్లోనే ఉంది, అక్షరాలు మాత్రం చెరిగిపోయాయి. ధైర్యం వచ్చిందని చెప్పను. బళ్ళోంచి వచ్చేసరికి ఇంట్లో అలికిడి లేక, మా ఆయన ఫోన్ కవరేజ్ ప్రాంతంలో లేదంటే, నలభై దాటిన ఈ మనిషి ఇప్పటికీ ముందు దొడ్లోకే నడుస్తుంది. అక్కడ నేను పెంచుకునే కోళ్ళ గూటి ముందు ఎవరూ ఉండరు. ఆ రోజుల్లో నేను భయపడిందే జరిగింది కదా, ఆవిడ వెళ్ళిపోయింది, నేను ఉండిపోయాను అనుకుని కాస్త నవ్వుకుంటాను. కోళ్ళకి చిట్టు చల్లి, లోపలికొచ్చి పాలు పొయ్యి మీద పెడతాను.