బెల్లం పాకంలో వంటసోడా

అత్తవారింట్లో నేను తొలిసారి పాకం పట్టిన రోజున ఫైరింజను రాలేదంటే, పిలవాలని ఎవరికీ తోచకపోవడమే కారణం. ఆ ఘనకార్యం చెబుతాను. నవ్వుకోండి గానీ మా ఆయన ఎదుట మాత్రం నవ్వకండి, ఆయనకి ఇప్పటికే నేను బాగా లోకువ.

పెళ్లికి ముందు విజయనగరంలో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని. మంచు కరిగితే భౌతిక మార్పు, వెనక్కి వస్తుంది. కాగితం కాలితే రసాయన మార్పు, వెనక్కి రాదు. ఈ ఒక్క ముక్కతో కాపురం కూడా ఈదేయొచ్చని నా ధీమా.

అత్తవారిది గజపతినగరంలో బెల్లం కొట్టు. మా ఆయన మేనత్తది భోగాపురం. తన కూతుర్ని మేనల్లుడికి ఇద్దామని ఆవిడ ఆశపడితే, మధ్యలో నేను ఊడిపడ్డాను. ఆవిడ అలిగి మా పెళ్లికే రాలేదు. మామగారు బతిమాలగా బతిమాలగా, చివరికి ఓ ఆదివారం వస్తానంది. ఆవిడకి వేరుశనగ ఉండలంటే ప్రాణం. అవి కుదిరితే పొత్తు కుదిరినట్టేనని అత్తగారి ఆశ. నేను కొంగు బిగించాను.

"జాగర్తమ్మా, రెప్ప వాలిస్తే ముదిరిపోతాది" అన్నారు అత్తగారు.

"బెల్లం కరగడం భౌతిక మార్పు అత్తయ్యా. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. ఇందులో భయమేముంది?"

"ఏటోనమ్మా, నీ సదువు నాకు తెల్దు."

మూకుడు పొయ్యి మీద పెట్టి, పక్కన పల్లీల పొట్టు తీస్తున్న మా ఆయనకి పాఠం మొదలెట్టాను. కొవ్వొత్తి ఉదాహరణకి వచ్చేసరికి ఘాటైన వాసన.

"ఒసే, మాడిపోతన్నాదే!" అన్నాడు మా ఆయన.

"మాడలేదు, రంగు మారింది. భౌతిక మార్పే."

"పొగొత్తన్నాదే బాబూ!"

చూద్దును కదా, పాకం నల్లబడుతోంది. ఆటోలో మేనత్త వచ్చేస్తోంది. బెల్లం వండేవాళ్లు రంగు తేలడానికి సోడా వేస్తారని కొట్లో విన్నాను. ఎంత వేస్తారో వినలేదు. పొయ్యి కట్టేసి, గుప్పెడు వంటసోడా కుమ్మరించాను.

పాకం బుస్సుమని లేచింది. మూకుడు నిండింది, అంచు దాటింది, పొయ్యి మీదికి, గట్టు మీదికి పొంగి పొర్లింది. "పళ్లెం! పళ్లెం తే!" అని అరిచాను. మా ఆయన కంగారులో చీపురు తెచ్చాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు మతితో పాటు మూకుడు కూడా పోయింది. ఎలాగో మిగిలినదాన్ని నెయ్యి రాసిన పళ్లెంలోకి ఒంపాను. అది నిండా బెజ్జాలతో తేనెపట్టులా గట్టిపడింది.

అప్పుడే మేనత్త గుమ్మంలోకి వచ్చింది. పలకరింపు లేదు. వంటగదిని ఎగాదిగా చూసి, ఓ ముక్క విరిచి నోట్లో వేసుకుంది. కరకరమంది. అత్తగారు కళ్లు మూసుకుని రామతీర్థం రాముడికి మొక్కేసుకుంటున్నారు.

"ఓలమ్మో! ఏటే ఇది? కరకరమని కరిగిపోతన్నాది! ఎలా సేసినావే కోడలా?"

కోడలా! ఆ ఒక్క పిలుపుకి అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"రసాయన మార్పు అత్తా" అన్నాడు మా ఆయన, చీపురు పట్టుకునే.

"మారితే మారినాది గానీ, మా పిల్లకి సంబంధం కుదిరినాది. పెళ్లికి రెండు బేసిన్లు నువ్వే సెయ్యాల!"

సరేనన్నాను. ఆవిడ వెళ్లాక మళ్లీ ప్రయత్నించాను. ఓసారి రాయి అయింది, ఓసారి బొగ్గయింది, ఇంకోసారి గోడకి అతుక్కుంది, ఇప్పటికీ ఊడలేదు. పెళ్లికి మామూలు ఉండలే పట్టుకెళ్లాం. ఎక్కడ కనబడినా "అదెప్పుడు సేత్తావే?" అని ఆవిడ నేటికీ అడుగుతూనే ఉంది. రసాయన మార్పు వెనక్కి రాదని పిల్లలకి నూరిపోశాను గానీ, ముందుకి కూడా రెండోసారి రాదని నాకెవరూ చెప్పలేదు.

అంచేత బెల్లం మీద, వంటసోడా మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆ తప్పు జన్మలో మళ్లీ చెయ్యను. చేద్దామన్నా కుదిరి చావడం లేదు.