చిన్నకోడల్ని లేపాలి

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీకి కూడా చెప్పలేదు: నేను పాఠం చెప్పిన పిల్లే ఒకనాడు నా ప్రాణం కాపాడింది. మొన్న వికారాబాద్ రైల్వే గేటు ఎత్తేసినా నేను కదలకపోతే, మనవరాలు ఫోన్‌మీద బొటనవేలు ఆడిస్తూనే నన్ను చెయ్యి పట్టి లాగింది. అప్పటినుంచి మనసు ఒకచోట నిలవడం లేదు.

అరవైల్లో తాండూరు బాలికల బడిలో కొత్తగా చేరాను. నలుగురిలో నోరు పెగలని నేను ఏడో తరగతి ముందు మాత్రం ఎలాగో మాట్లాడేదాన్ని. మెదడు గురించి పుస్తకంలో ఉన్న నాలుగు ముక్కలు పిల్లలకు ఎక్కక, ఒకరి జడ ఒకరిని అల్లమన్నాను. కబుర్లాడుకుంటూ చకచకా అల్లేశారు. ఏ పాయ దేనిమీదికి పోతోందో పైకి చెబుతూ అల్లమనేసరికి వేళ్లన్నీ చిక్కుపడ్డాయి. తలలో ఇద్దరు కోడళ్లున్నారని చెప్పాను: పెద్దకోడలు ఎవరినీ అడక్కుండా ఇల్లు నడిపేస్తుంది, చిన్నకోడలు ఉప్పు వేయడానికి కూడా ఆగి ఆలోచిస్తుంది, రోజువారీ పనికి పెద్దామె చాలు, అపాయం ఉన్నచోట చిన్నామెను లేపాలి. కోట్‌పల్లి దిక్కునుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే గొల్లవారి పిల్ల, తన అత్తమ్మ తలలో ఇద్దరూ పెద్దకోడళ్లేననేసరికి తరగతంతా నవ్వింది.

నా గది పట్టాలకు అవతల. మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నాపరాళ్లు నింపుకునే గూడ్సు పూటలకు పూటలు అడ్డంగా నిలిచేది, డబ్బాల కిందినుంచి దూరి దాటడం ఊరందరికీ అలవాటు. మగవాళ్లు గుమిగూడే గేటువైపు వెళ్లడానికి జంకే నాకు మరీ అలవాటు. ఒక సాయంత్రం ఆ పిల్లతో మాట్లాడుకుంటూ వచ్చి, అలాగే డబ్బా కిందికి తల వంచాను. ఆ చివర ఇంజను తగిలించి ఉండడం చూడనే లేదు. పిల్ల వెనకనుంచి నా కొంగు పట్టి గుంజింది.

"జర ఆగుండ్రి టీచరమ్మా. మీ చిన్నకోడలు పండుకున్నది."

ఆ మాట ముగిసీ ముగియకముందే డబ్బాలు ఒకదాన్నొకటి గుంజుకుంటూ కదిలాయి. పిల్ల ఏమీ జరగనట్టు నా కొంగు మడత సరిచేసింది.

ఇప్పుడు అక్కడ పట్టాలమీద వంతెనలు వచ్చాయి, కిందినుంచి దూరే పని ఎవరికీ లేదు. అయినా ఈ పిల్లల బొటనవేళ్లు చూస్తే నాకు కాలు నిలవదు. వాళ్లను కొంగు పట్టి ఆపేవాళ్లెవరా అనిపిస్తుంది. అప్పట్లో నేను బదిలీ అయి వికారాబాద్ వస్తున్న రోజు ఆ పిల్ల స్టేషనుకు వచ్చింది. బండి కదులుతుంటే కిటికీ పక్కన నడుస్తూ అంది:

"దిగేటప్పుడు చిన్నకోడల్ని లేపుండ్రి, టీచరమ్మా. ఆడ నేనుండను గద."