గంధం పూసుకున్న సౌండ్ డబ్బా

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడికి కంప్యూటర్ గురించి అన్నీ తెలుసని మా రాజమండ్రిలో గట్టి నమ్మకం ఉండేది. నేను ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో చేరి గోడకి తగిలించుకునేంత డిప్లొమా ఒకటి తెచ్చుకున్నందుకు నాన్న నన్ను వెటకారంగా 'ఇంజనీరు గారు' అని పిలిచేవారు. బామ్మ మాత్రం ఆ పిలుపులో వెటకారం గమనించకుండా నిజంగానే నమ్మేసింది. నాకొచ్చిన చిక్కంతా అక్కడే.

తాతయ్య కోనసీమలో పౌరోహిత్యం చేసుకుని బతికిన మనిషి. ఆయన పోయాక ఆయన గొంతు ఒకే ఒక్క క్యాసెట్‌లో మిగిలింది. మా ఇంట్లో చేసుకున్న సత్యనారాయణ వ్రతంలో ఆయనే చెప్పిన కథ అది. ఒకసారి టేప్‌రికార్డరు ఆ టేపుని కసాబిసా నమిలేస్తే, నాన్న పెన్సిలు పెట్టి చుట్టి, తెగినచోట అతికించి, "ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అని బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పట్నుంచి బామ్మ ఆ గొంతు వినలేదు. "ఒరే నాన్నా, తాతయ్య గొంతు నీ కంప్యూటర్లోకి ఎక్కించవూ? అదైతే నమలదుట కదా" అంది. "అదెంత పని బామ్మా" అన్నాను. (ఆ మాట అనే ముందు నా నాలుకకి ఓ తాళం వేసుకోవలసింది.) నాన్న ఒక షరతు పెట్టారు. క్యాసెట్ ఒక్కసారే బయటికి తీస్తారట. తెగిందా, ఇంక అంతే.

ముందు ఓ సినిమా పాట పెట్టి, టేప్‌రికార్డరు వైరుని తిన్నగా కంప్యూటర్‌కి గుచ్చితే పాట కంటే లోపలి ఫ్యాను మోతే ఎక్కువ వినిపించింది. దాంతో బాబాయి ఎప్పుడో రికార్డింగు సరదాలో కొని అటకెక్కించిన పాత సౌండ్ డబ్బా దింపాను. టిఫిన్ బాక్సంత ఉంటుంది. ఒక వైపు గుండ్రటి బెజ్జంలోకి టేప్‌రికార్డరు వైరు, రెండోవైపు నుంచి కంప్యూటర్‌కి ఇంకో వైరు. తగిలించగానే మా కొత్త కంప్యూటర్ దాన్ని 'గుర్తు తెలియని పరికరం' అంది. సొంత బాబాయి డబ్బాని పట్టుకుని అంత మాట అనడానికి దానికి నోరెలా వచ్చిందో నాకు తెలియదు. డబ్బాతో వచ్చిన సీడీ ఎప్పుడో పోయింది. నెట్ సెంటర్లో కూర్చుని దాన్ని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వెతికితే, దొరికినది ఫ్లాపీలో పట్టలేదు. పట్టినది పనిచేయలేదు. చివరికి కొవ్వూరు మేధావి అని మేము పిలుచుకునే స్నేహితుడు వంతెన దాటి సీడీల సంచితో వచ్చి, ఏవేవో ఎక్కించి, ఏవేవో తీసేసి, మహర్నవమి ముందు రోజుకి డబ్బా చేత మాట్లాడించాడు. ఓ సినిమా పాటల క్యాసెట్ పెడితే శుభ్రంగా లోపలికి వెళ్ళింది.

"ఇంక తాతయ్య క్యాసెట్ తియ్యండి నాన్నా" అన్నాను. బామ్మ అడ్డుపడింది. "రేపు ఆయుధ పూజ. పూజ అవ్వకుండా ఆయన గొంతు ఎక్కించడమేంట్రా?" అంది. తర్వాత డబ్బా దగ్గరికి వచ్చి, ఇందులోకి ఆయన గొంతు ఎట్నుంచి వెళ్తుందని అడిగింది. నేను ఇంజనీరునాయె, వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను. "ఇదిగో బామ్మా, తాతయ్య గొంతు ఈ బెజ్జంలోంచే వెళ్తుంది."

మర్నాడు పూజలో కుట్టుమిషనుకీ, నాన్న స్కూటర్‌కీ, కంప్యూటర్‌కీ బొట్లు పెట్టారు. పూజకని విప్పిన వైర్లు ఆ రాత్రే చూడకుండా మళ్ళీ గుచ్చేశాను. ఆ మర్నాడు నేను మళ్ళీ సినిమా పాట పెట్టి చూస్తే ఒక్క ముక్క వినిపించలేదు. కంప్యూటర్ వైపు వైరు మార్చాను. డ్రైవర్ తీసి మళ్ళీ ఎక్కించాను. మేధావికి ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టెయ్" అన్నాడు. (అతనికి తలనొప్పి వచ్చినా ఫార్మాటే కొట్టుకుంటాడని నా అనుమానం.) కొట్టేశాను. నా డిప్లొమా ప్రాజెక్టు పోయింది, అక్క పెళ్ళి ఫోటోలు పోయాయి, సౌండు మాత్రం రాలేదు. "ఇంజనీరు గారూ, బీరువా తాళం వేసెయ్యనా?" అని నాన్న. "వాణ్ణి తొందర పెట్టకు" అని బామ్మ. అసలు తొందరంతా ఆవిడదే. రోజుకి పదిసార్లు గుమ్మంలోకి వచ్చి ఏమీ అడగకుండా నిలబడి వెళ్ళిపోయేది. అడిగినా బాగుండునని ఒళ్ళు మండిపోయేది.

ఆ మంటలోనే వైరు లాగిపారేశాను. దాని పిన్ను కొసకి ఏదో పచ్చగా అంటుకుని ఉంది. వాసన చూశాను. గంధం. డబ్బాలోకి తొంగిచూస్తే గుండ్రటి బెజ్జం లోపలి గోడలంతా గంధం ఎండి, గచ్చు చేసినట్టు బిగుసుకుపోయి ఉంది.

"ఎవరు పూశారిది?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. బామ్మ వచ్చింది. "నేనేరా. పైపైన ఓ చుక్క పెడదామనుకున్నాను. కానీ ఆయన గొంతు వెళ్ళే దారి అన్నావు కదా, మనసొప్పక నిండా పెట్టాను" అంది. అమ్మ దగ్గర పిన్నీసు తీసుకుని కూర్చుని మెల్లగా గంధం గీకాను. గీకుతుంటే గదంతా పూజగదిలా అయింది.

నాన్న క్యాసెట్ తెచ్చి తనే పెట్టారు. స్పీకర్లలోంచి తాతయ్య గొంతు వచ్చింది. సాధువనే వర్తకుడి నావ మునిగిన చోట కథ ఆపి, "ఏమేవ్, హారతి పళ్ళెం ఏదీ?" అని కేకేశారు. గోడకానుకుని కూర్చున్న బామ్మ "ఆఁ, తెస్తున్నానండీ" అని సగం లేచి, మా మొహాలు చూసి మళ్ళీ కూర్చుంది. ఎవరం నవ్వలేదు. టేపు చివరిదాకా తెగలేదు.

ఇప్పుడు బామ్మ లేదు. ఆ కథ నా ఫోన్‌లో ఉంది. వ్రతం రోజున వంటింట్లో ఉండడం వల్ల ఆవిడ జవాబు టేపులోకి ఎక్కలేదు, కేక తర్వాత కాస్త ఖాళీ ఉంటుంది. అక్కడికి రాగానే, గంధం వాసన చూసి చిందులు తొక్కిన ఆ ఇంజనీరు గారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ తర్వాత పక్కన ఎవరూ లేరని చూసుకుని, "తెస్తున్నానండీ" అని నేనే అంటాను.