అమిహోషి ఇంటి ఇల్లరికపు అల్లుడు

యోహేయి అమిహోషి ఇంటికి ఇల్లరికం వచ్చిన రోజున మా రేవులో నవ్వని మనిషి లేడు. ఎక్కడో కొండమీది వరిపొలాల ఊళ్ళో, తానిగుచి వాళ్ళ మూడో కొడుకు. సముద్రాన్ని మొదటిసారి పెళ్ళిచూపులనాడే చూశాడట. "పడవెక్కితే వాంతులు, దిగితే మామగారికి దండాలు. ఇంక పెళ్ళాం మొహం ఎప్పుడు చూస్తాడ్రా పాపం!" అని సాకే సారా కొట్టు దగ్గర మావాళ్ళు పడీపడీ నవ్వారు. అతను విననట్టే వెళ్ళిపోయేవాడు. వినకేం, అన్నీ విన్నాడు.

అమిహోషి అనే ఇంటిపేరు అంత ఘనమైనదేం కాదు. మా ముత్తాతల కాలందాకా మాలాంటివాళ్ళకి ఇంటిపేర్లే లేవు. ప్రతివాడూ ఒక ఇంటిపేరు పెట్టుకు తీరాలని సర్కారు హుకుం వచ్చింది. ఏం పెట్టుకోవాలో ఎవడికి తెలుసు? ఊరిపెద్ద గుమ్మంలో కూర్చుని, వచ్చినవాణ్ణల్లా "నువ్వేం పని చేస్తావురా?" అని అడగడం, ఆ పనే పేరుగా పెట్టేయడం. పులుపునీళ్ళు అమ్మేవాడికి పులుపు, గాలాలు చేసేవాడికి గాలం. ఇసుకమీద వలలు ఆరేసే అన్నదమ్ములు ముగ్గురికీ అమిహోషి, అంటే వలలారేసేవాళ్ళు. అంతే కథ! కానీ ఈ పేరు దేశంలో ఇంకెక్కడా లేదని ఎవడో బడిపంతులు యోహేయి మామగారు గొంజబురో చెవిన వేశాడు. ఆ మాట ఆయన తలకెక్కి కూర్చుంది.

ఆ ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడిది అసలిల్లు, గొంజబురోది ఆ వంశమే. నడిమివాడి వంశం సముద్రంలో కలిసిపోయింది. చిన్నవాడు అన్నతో గొడవపడి, చెప్పకుండా, పెళ్ళాంపిల్లల్ని తీసుకుని ఉత్తరాన హొక్కైడో దీవికి వెళ్ళిపోయాడు. మా దగ్గర వేరుపడ్డ ఇంటిని అసలింటివాళ్ళు తమతో సమానంగా చూడరు. చెప్పకుండా పోయినవాణ్ణయితే మనిషిగా కూడా లెక్కపెట్టరు. గొంజబురోకి మగపిల్లలు లేరు, కినుయో ఒక్కతే కూతురు. అందుకే యోహేయిని తెచ్చుకున్నారు. పెళ్ళినాడే అతని ఇంటిపేరు తానిగుచి పోయింది, అమిహోషి వచ్చింది.

పెళ్ళయిన రెండో ఏడు యోహేయి సాల్మన్ పడవలమీద ఉత్తరానికి వెళ్ళాడు. హొక్కైడోలో ఒక రేవులో దిగేసరికి, బియ్యం కొట్టు బోర్డుమీద అమిహోషి. మంగలి షాపుమీద అమిహోషి. వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని పేరడిగితే ఆయనా అమిహోషియే! యోహేయి సంతోషం పట్టలేకపోయాడు. ఇంటికొచ్చి, అన్నాల దగ్గర కూర్చుని, వెలిగిపోతున్న మొహంతో అన్నాడు, "మామయ్యగారూ, మనవాళ్ళు అక్కడ వీధికి వీధే ఉన్నారండీ!"

గొంజబురో చేతిలో గిన్నె కిందపెట్టాడు. "కొండ దిగొచ్చి నా ఇంటిపేరు సంగతి నాకే చెప్తున్నావా? వాళ్ళు వేరింటివాళ్ళు. లెక్కలోకి రారు. ఈ పేరు ఈ గడపలోనే ఉంది. ఇంకోసారి ఆ మాటెత్తావంటే నీ ఊరి దారి నువ్వు పట్టొచ్చు."

కినుయో నాన్నకి పులుసు వడ్డించింది. యోహేయి తల దించుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒళ్ళు మండిపోతుంది నాకు, ఆ తల దించుకోవడం తలుచుకుంటే. ఒక్కసారి దించుకోవడం అలవాటైతే ఇంక ఎత్తడం రాదు కదా మనిషికి.

వాళ్ళకీ ఒక్కతే కూతురు, చిగుసా. ఆ పిల్ల నవ్వితే చేపల వేలంపాటలో ఈ చివరినుంచి ఆ చివరికి వినిపించేది. తండ్రంటే ప్రాణం. అతను పడవమీంచి దిగుతుంటే పరుగెత్తుకెళ్ళి బూట్లు అందుకునేది. అలాంటి పిల్ల ఉషిజిమా వాళ్ళ షున్‌సాకుని ఇష్టపడింది. వాళ్ళది మా వీధి మలుపులో కమబోకో దుకాణం. చేపని మెత్తగా రుబ్బి, ఆవిరిమీద ఉడికించి, పెళ్ళిళ్ళకైతే పెద్ద ఎర్రచేప ఆకారంలో రంగులేసి అమ్ముతారు. షున్‌సాకు కూడా ఒక్కడే కొడుకు.

అప్పటికి గొంజబురో పోయాడు. పోతే ఏం, ఆయన పంతమంతా కినుయోకి దిగింది. షున్‌సాకు తల్లిని వెంటబెట్టుకుని అడగడానికి వచ్చాడు. కినుయో టీ పోసింది, కూర్చోమంది, ఆ తర్వాత ఒకే మాటంది.

"మా ఇంటికి ఇల్లరికం వస్తే చేస్తాం."

షున్‌సాకు తల్లి మొహం మాడిపోయింది. "వాడు మీ ఇంటికొస్తే దుకాణం నేను నెత్తిన పెట్టుకు ఊరేగాలా వదినా? తాతల నాటి దుకాణం, దాని బోర్డుమీదుంది వాడి పేరే!"

"బోర్డు మళ్ళీ రాయించుకోవచ్చు. మా పేరు పోతే మళ్ళీ రాదు."

షున్‌సాకు మంచివాడు. మోకాళ్ళమీద కూర్చుని బతిమాలాడు. "అత్తయ్యగారూ, మాకు పుట్టే రెండో బిడ్డని మీకు దత్తు ఇస్తాం. మీ పేరే పెట్టుకోండి. నా మాట నమ్మండి."

"పుట్టని బిడ్డని నమ్ముకుని చేతిలో ఉన్న పిల్లని పంపించనా? దేశం మొత్తంమీద ఈ పేరు మా ఒక్క ఇంట్లోనే ఉంది నాయనా. ఇది వెళ్ళిపోతే దీపం ఆరిపోయినట్టే."

అప్పుడు చిగుసా తండ్రివైపు చూసింది. ఏడవలేదు, అడగలేదు, చూసింది అంతే. యోహేయికి నాలుక చివరికి వచ్చేసింది మాట. హొక్కైడోలో వీధికి వీధే ఉన్నారే, ఈ పేరు ఎక్కడికీ పోదే, పిల్లని వెళ్ళనీయవే, అని. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? కినుయో అతనివైపు తిరిగింది. అతను టీ కప్పు తీసుకుని పెదాలకి ఆనించుకున్నాడు. కప్పు ఖాళీగా ఉంది. అయినా తాగుతున్నట్టే కూర్చున్నాడు.

రెండేళ్ళు చూసి షున్‌సాకు పొరుగూరి పిల్లని చేసుకున్నాడు. మా దగ్గర పెళ్ళింటి ఎర్రచేప కమబోకోని కోసి, ఇరుగుపొరుగుకి తలో ముక్కా పంచుతారు. అమిహోషి ఇంటికి తోకముక్క వచ్చింది, గులాబీరంగు పొలుసులు దిద్ది ఉంది. కినుయో దాన్ని అవతల పెట్టేయబోయింది. చిగుసా తీసుకుని, పళ్ళెంలో పెట్టుకుని, చివరిదాకా తినేసింది. "బాగా చేశాడు," అంది. యోహేయి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

తర్వాత ఇల్లరికం వస్తామని ఒకరిద్దరు వచ్చారు. చిగుసా ఎవర్నీ చూడలేదు. "పేరు కోసం మనుషుల్ని తెచ్చుకోవడం నాన్నతో సరి," అనేసింది. చేపల సంఘంలో లెక్కలు రాస్తూ ఉండిపోయింది. నవ్వు మాత్రం మళ్ళీ అంతదూరం వినపడలేదు.

నిరుటి ఓబోన్‌కి, పోయిన పెద్దల పండక్కి, ఊరంతా సమాధులు కడుక్కుంటున్న పూట, భారీ మనిషి ఒకడు చంకలో కట్టెడు కొంబు నాచు పెట్టుకుని వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. పేరు దైగో, హొక్కైడోనుంచి వచ్చాడు. అసలింటి సమాధికి ఒక్కసారైనా నీళ్ళు పోసి రమ్మని వాళ్ళ తాత పోతూపోతూ చెప్పాడట.

"అబ్బ, ఎంత వెతికానో అత్తా! ఇక్కడ మీరొక్కరేనా? మా ఊళ్ళో అమిహోషీ అని పిలిస్తే వీధి వీధంతా పలుకుతుంది. మా క్లాసులోనే నలుగురం. మాస్టారు విసిగిపోయి పొడుగు అమిహోషి, పొట్టి అమిహోషి అనేవారు. నాకు ముగ్గురు కొడుకులు. ఇంక చాలు బాబూ అంటోంది మా ఆవిడ!"

అతనొక్కడే పెద్దగా నవ్వాడు. చిగుసా పుచ్చకాయ కోసి పెట్టింది, సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది, బస్సెక్కించి వచ్చింది. వచ్చి, చాపమీద తల్లిదండ్రుల ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నీకు తెలుసా వీళ్ళ సంగతి?"

కినుయో విసనకర్ర ఆపలేదు. "తెలిస్తే ఏం? వేరింటివాళ్ళు. అసలిల్లు మనది."

చిగుసా ఇంక ఆమెని చూడలేదు. "నాన్నా, నీకు?"

"తెలుసు తల్లీ. నువ్వు పుట్టకముందే. నా కళ్ళతో చూశాను."

"మరి ఆ రోజు?"

యోహేయి చాప అంచు సర్దాడు. "ఇల్లరికం వచ్చినవాణ్ణి. ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారే? చెప్పినా మీ అమ్మ ఒప్పుకునేదా?"

"అమ్మ ఒప్పుకోదు. నాకు తెలీదా?" గొంతు హెచ్చలేదు చిగుసాకి. "అమ్మ వినాలని కాదు నాన్నా. నేను వినుండేదాన్ని. ఈ ఇంట్లో ఒక్కరు నావైపున్నారని తెలిసుంటే చెప్పులేసుకుని వెళ్ళిపోయేదాన్ని. నీ మొహంకేసి అందుకే చూశాను."

ముసలాయన ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె పుచ్చకాయ తొక్కలు ఏరి పళ్ళెంలో వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

చిగుసా ఇప్పటికీ తండ్రికి వేళకి అన్నం పెడుతుంది. చలికాలం వస్తే ఆయన పరుపు తనే వెచ్చబెడుతుంది. నాన్నా అని పిలవడం కూడా మానలేదు. కానీ ఆ రోజునుంచి ఆయన్ని ఏదీ అడగలేదు.